గుండె దడ, గాబరా, టెన్షన్: శరీరం వైపు నుంచి ఆందోళనను తగ్గించుకునే పద్ధతి

ఆందోళన సమస్య ఉన్నవాళ్లలో చాలామంది ముందుగా వెళ్లేది గుండె డాక్టరు దగ్గరికి. ఉన్నట్టుండి దడ మొదలవుతుంది, ఊపిరి అందదు, అరచేతులకు చెమట పడుతుంది, కాళ్లు చల్లబడతాయి. అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి పరుగెడతారు. అక్కడ ఈసీజీ తీస్తారు, టూడీ ఎకో తీస్తారు, "అంతా నార్మల్‌గానే ఉంది, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తారు. ఎలా తగ్గించుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఇంటికొచ్చాక పెద్దవాళ్లు, "ఊరికే ఏదో ఒకటి ఆలోచిస్తుంటావు, ఆలోచించడం మానెయ్" అంటారు. మానెయ్యమంటే మానగలిగితే అసలు ఈ బాధే ఉండదు కదా.

ఈ వ్యాసంలో చెబుతున్నది మరో దారి. ఆలోచనలతో వాదించడం పక్కనపెట్టి ఊపిరి, కండరాలు, ఒంట్లో పుట్టే అనుభూతుల దగ్గర మొదలుపెట్టి, అక్కణ్నుంచి మెదడుకు నేర్పడం. ఇందులో ప్రధానంగా రెండు పద్ధతులు కలిశాయి. ఒకటి స్వీడన్ సైకాలజిస్టు లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో తీర్చిదిద్దిన అప్లైడ్ రిలాక్సేషన్. రెండోది పానిక్ అటాక్‌ల కోసం, అంటే ఉన్నట్టుండి దడతో ముంచెత్తే తీవ్రమైన భయం కోసం, అమెరికాలో డేవిడ్ బార్లో, మిషెల్ క్రాస్కే వంటివారు రూపొందించిన చికిత్సలోని ఒక భాగం: భయపెట్టే అనుభూతిని కావాలనే తెచ్చుకుని అలవాటు పడటం. రెండూ దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే. ఇంట్లో కూర్చుని చాలావరకు నేర్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఒక షరతు ముందే చెప్పాలి. దడ వచ్చినప్పుడు చేద్దాంలే అనుకుంటే ఇది పనిచేయదు. కాలువలో పడ్డాక ఈత నేర్చుకోలేం. బాగున్న రోజుల్లో, మనసు కుదురుగా ఉన్న వేళల్లో సాధన చేస్తేనే అవసరమైన క్షణంలో అక్కరకొస్తుంది. ఈ పద్ధతులు ప్రయత్నించి "నాకు పనిచేయలేదు" అని వదిలేసినవాళ్లను అడిగి చూడండి, ఎక్కువమంది దడ వచ్చిన రోజునే మొదటిసారి చేసి ఉంటారు.

ఒంట్లో జరిగేదేమిటి?

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కేనన్ 1915లోనే వివరించాడు. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా వెళ్తుంది, జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. అందుకే కడుపులో తిప్పినట్టుంటుంది, నోరు ఎండిపోతుంది. కుక్క తరుముతుంటే ఇదంతా ప్రాణం కాపాడే ఏర్పాటే. మేనేజరు పంపిన మెయిల్ చూసినప్పుడు, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం అందుకున్నప్పుడు కూడా ఇదే ఏర్పాటు మోగడం మొదలుపెడితే బాధ.

మెదడు శరీరాన్ని నడిపిస్తుందని మనకు తెలుసు. శరీరం నుంచి మెదడుకు వెళ్లే సమాచారం ఎంత ఎక్కువో మాత్రం పట్టించుకోం. మెదడు అడుగుభాగం నుంచి గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా సాగే వేగస్ నాడిలో దాదాపు 80 శాతం పోగులు కింది నుంచి పైకి, అంటే అవయవాల నుంచి మెదడుకు కబుర్లు మోసేవే. గుండె వేగంగా కొట్టుకుంటోందని, పొట్ట బిగుసుకుందని కింది నుంచి కబురు వెళ్తుంది. మెదడు దాన్ని "ఏదో ప్రమాదం ఉంది" అని అర్థం చేసుకుంటుంది. ఆ భయంతో గుండె ఇంకా వేగం అందుకుంటుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ఆలోచన వైపు నుంచి తెంచడం కష్టంగా ఉన్నవాళ్లకు శరీరం వైపు నుంచి తెంచడం సులువు.

మొదటి అడుగు: ముందు డాక్టరు పరీక్ష

దీన్ని దాటవేయకండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువగా ఉన్నా, షుగర్ పడిపోయినా, గుండె లయ తప్పినా అచ్చం ఆందోళనలాగే ఉంటుంది. ఆస్తమా ఇన్‌హేలర్లలో ఉండే సాల్బుటమాల్, కొన్ని జలుబు మాత్రలు కూడా దడ పుట్టిస్తాయి. థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్, హీమోగ్లోబిన్, షుగర్, ఒక ఈసీజీ చాలావరకు సరిపోతాయి. ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, మెట్లెక్కితే నొప్పి వచ్చి ఆగితే తగ్గుతున్నా, స్పృహ తప్పినా ఈ వ్యాసం మూసేసి 108కి ఫోన్ చేయండి.

పరీక్షలు ఒకసారి సరిగ్గా చేయించుకుని అన్నీ మామూలుగా ఉన్నాయని తేలాక, మళ్లీ మళ్లీ చేయించుకోవద్దు. ప్రతి దడకూ ఒక ఈసీజీ తీయించుకుంటే ఆ కాగితం ఇచ్చే ధైర్యం వారం కూడా నిలవదు. ఈసారి ఇంకాస్త తొందరగా ఆసుపత్రికి పరుగెత్తాలనిపిస్తుంది.

రెండో అడుగు: మీ ఆందోళన ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం

చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి, లేదా ఫోన్‌లో రాసుకోండి. వారం రోజుల పాటు ఆందోళన వచ్చిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి: ఎప్పుడు, ఎక్కడ ఉన్నప్పుడు, 10కి ఎంత, అన్నిటికంటే ముందు ఒంట్లో ఏం తెలిసింది. ఈ నాలుగోదే అసలు విషయం. "దడ వచ్చింది" అని రాసేస్తే చాలదు. దడకు ముందు ఏదో ఒక చిన్న సూచన ఉంటుంది. ఒకరికి భుజాలు చెవుల వైపు లేస్తాయి. ఒకరికి పళ్లు బిగుసుకుంటాయి. ఇంకొకరికి పొట్ట పైభాగంలో ముడిపడినట్టు ఉంటుంది, దాన్నే గ్యాస్ అనుకుంటారు. కొందరికి ఊపిరి పైపైనే ఆడుతుంది, మాటిమాటికీ నిట్టూరుస్తారు.

మొదటి రెండు మూడు రోజులు ఏమీ కనిపించకపోవచ్చు. ఓపిక పట్టండి. ఆందోళన 10కి 3 ఉన్నప్పుడు దాన్ని పట్టుకోవడం, 9కి చేరాక పట్టుకోవడం ఒకటి కాదు. తర్వాత నేర్చుకోబోయేదంతా 3 దగ్గర వాడటానికే.

ఇదే వారంలో జీఏడీ-7 అనే ప్రశ్నావళి కూడా నింపండి. 2006లో రూపొందించిన దీన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. అయిదు నుంచి తేలికపాటి ఆందోళన, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మానసిక వైద్యుణ్ని గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి, సాధన కూడా పక్కన కొనసాగించండి. ఈ మార్కు రాసి దాచుకుంటే రెండు నెలల తర్వాత పోల్చి చూసుకోవచ్చు.

మూడో అడుగు: ఊపిరి

దడ వచ్చినవాళ్లకు చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: "గట్టిగా ఊపిరి పీల్చుకో." మంచి మనసుతో చెబుతారు గానీ అది చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. భయంలో ఉన్న మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తుంటాడు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది, వేళ్లకూ పెదవుల చుట్టూ తిమ్మిర్లు వస్తాయి, విచిత్రంగా ఊపిరి అందడం లేదనే అనిపిస్తుంది. "ఆక్సిజన్ తగ్గిపోయింది" అనుకుని ఇంకా గట్టిగా పీలుస్తారు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తే ఆక్సిజన్ 98, 99 ఉంటుంది. కాబట్టి మనకు కావలసింది పెద్ద ఊపిరి కాదు. నెమ్మదైన, తేలికైన ఊపిరి.

వెల్లకిలా పడుకోండి, లేదా కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకోండి. ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు మెల్లగా పీల్చండి. బొడ్డు మీది చెయ్యి పైకి లేవాలి, ఛాతీ మీది చెయ్యి పెద్దగా కదలకూడదు. 6 లెక్కపెట్టేంతసేపు వదలండి. పీల్చడం కంటే వదలడం పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు కాస్త తగ్గుతుంది. 4, 6 కలిపి 10 సెకన్లు, అంటే నిమిషానికి 6 ఊపిరులు. పక్కనున్నవాళ్లకు మీ ఊపిరి చప్పుడు వినిపించకూడదు. పొద్దున 5 నిమిషాలు, రాత్రి 5 నిమిషాలు చేస్తే చాలు. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే ఎక్కువ గాలి పీలుస్తున్నారని అర్థం, పరిమాణం తగ్గించండి. 4, 6 మరీ పొడుగనిపిస్తే 3, 4తో మొదలుపెట్టండి.

ఈ నిమిషానికి 6 అనే లెక్క మన సంప్రదాయాలకు కొత్తది కాదు. 2001లో ఇటలీ పరిశోధకుడు లూచియానో బెర్నార్డి బృందం కేథలిక్కుల జపమాల ప్రార్థననూ, టిబెటన్ బౌద్ధుల మంత్రాన్నీ చదివించి చూసింది. రెండింటిలోనూ ఊపిరి దానంతట అదే నిమిషానికి సుమారు 6కి దిగింది. దీర్ఘంగా ఓంకారం పలికినా, భ్రామరిలో తుమ్మెదలా ఝంకారం చేసినా వదిలే ఊపిరి పొడవు పెరుగుతుంది. లెక్కపెట్టడం విసుగనిపించేవాళ్లు మీకు అలవాటైన జపంతోనో ప్రార్థనతోనో చేసుకోవచ్చు.

ప్రాణాయామం అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లు కపాలభాతి, భస్త్రికలతో మొదలుపెట్టవద్దు. వేగంగా ఊపిరి ఆడించే ఆ పద్ధతులు, పైన చెప్పిన కార్బన్ డయాక్సైడ్ కారణంగానే, అటాక్‌ను గుర్తుచేసే లక్షణాలను తెచ్చిపెట్టగలవు. నాడీశోధన, భ్రామరి సురక్షితం. కాగితం సంచిలో ఊపిరి తీసుకోమని సినిమాల్లో చూపిస్తారు, అది చేయకండి. నిజంగా గుండె సమస్యో ఆస్తమానో అయినవాళ్లకు అది ప్రమాదం.

ఎక్కువ సమయం లేనప్పుడు ఇంకో చిట్కా ఉంది. ముక్కుతో ఒకసారి పీల్చి, ఆపకుండా దాని మీదే ఇంకాస్త పీల్చి, నోటితో పొడుగ్గా వదలాలి. ఏడ్చి ఏడ్చి సద్దుమణిగే పిల్లల్లో ఇలాంటి ఊపిరి చూస్తాం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు ఇది చేసినవారి మనఃస్థితి, అంతే సేపు ధ్యానం చేసినవారి కంటే ఎక్కువగా మెరుగుపడింది. అయితే దడ మధ్యలో రెండు మూడు సార్లకు మించి చేయకండి.

నాలుగో అడుగు: కండరాలను వదలడం నేర్చుకోవడం

ఈ పద్ధతి మొత్తానికి వెన్నెముక ఇదే. చాలామంది ఇక్కడే తొందరపడతారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బిగుసుకున్న కండరం బిగుసుకుని ఉందని మనకు తెలియదు. ఏళ్ల తరబడి అలా ఉండి ఉండి అదే మామూలనిపిస్తుంది. కావాలని ఇంకాస్త బిగించి, ఒక్కసారిగా వదిలితే ఆ తేడా తెలుస్తుంది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. దాన్ని కుదించి, నిత్యజీవితంలో వాడుకునేలా మలిచిన ఘనత ఓస్ట్‌ది. పావుగంట పట్టే విశ్రాంతిని మెట్టు మెట్టుగా 20, 30 సెకన్లకు తేవడమే ఆయన లక్ష్యం.

మొదటి రెండు వారాలు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 15 నిమిషాలు. కుర్చీలో కూర్చోండి, ఫోన్ దూరంగా పెట్టండి. ఒక్కో భాగాన్ని 5 సెకన్లు బిగించి, 15 సెకన్లు వదలాలి. బిగింపు పూర్తి బలంతో వద్దు, నొప్పి రాకూడదు. కుడి పిడికిలి బిగించండి, వదలండి. ఎడమ పిడికిలి. రెండు మోచేతులూ మడిచి కండలు బిగించండి, వదలండి. నుదురు పైకి ముడిచి వదలండి. కళ్లు గట్టిగా మూసి వదలండి. పళ్లు కొరికిపట్టి వదలండి, వదిలాక పై పన్నూ కింది పన్నూ తగలకుండా ఉండాలి. గడ్డాన్ని ఛాతీ వైపు నొక్కి వదలండి. భుజాలు చెవులదాకా లేపి జారవిడవండి. పొట్ట ఎవరో గుద్దబోతున్నట్టు బిగించి వదలండి. తొడలు, తర్వాత పాదాలను మీ వైపు వంచి పిక్కలు. వదిలినప్పుడు వచ్చే బరువును, వెచ్చదనాన్ని గమనించండి. ఆ 15 సెకన్లలోనే నేర్చుకోవడం జరుగుతుంది, వాటిని కుదించకండి. మెడ, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆ భాగాలను బిగించకుండా వదలడం మాత్రమే చేయాలి.

మూడో వారం. ఇక బిగించడం మానేయండి. నుదుటి నుంచి పాదాల దాకా ఒక్కో భాగం మీద మనసు పెట్టి నేరుగా వదలడమే. 5 నుంచి 7 నిమిషాల్లో అయిపోతుంది. ఏదైనా భాగం మొండికేస్తే దాన్ని ఒక్కసారి బిగించి వదలండి.

నాలుగో వారం. ఒక మాటను జతచేయండి. ఊపిరి వదిలే ప్రతిసారీ మనసులో "వదులు" అనుకోండి. "శాంతి", "మెల్లగా", ఏదైనా సరే, ఒకటే మాట ఉండాలి. కొద్ది రోజులకు ఆ మాటకూ ఒళ్లు వదులవడానికీ లంకె కుదురుతుంది. 2, 3 నిమిషాలు చాలు.

అయిదో వారం. కుర్చీలోంచి లేవండి. నిలబడి, నడుస్తూ, కంప్యూటర్ ముందు పనిచేస్తూ, అంట్లు తోముతూ, ఆ పనికి అక్కరలేని కండరాలను వదిలేయండి. టైపు చేయడానికి వేళ్లు కావాలి, భుజాలు లేపి ఉంచక్కర్లేదు. కూరగాయలు తరగడానికి దవడ బిగించక్కర్లేదు.

ఆరో వారం. ఫోన్ వెనక గానీ గడియారం మీద గానీ చిన్న రంగు స్టిక్కర్ అంటించండి. అది కనిపించిన ప్రతిసారీ ఒకటి నుంచి మూడు నెమ్మదైన ఊపిరులు, వదులుతూ "వదులు", భుజాలూ దవడా పొట్టా ఒకసారి చూసుకోవడం. రోజుకు 15, 20 సార్లు, అదీ టెన్షన్ లేనప్పుడే. ఒక్కోదానికి అరనిమిషం కూడా పట్టదు. ఇది చూడటానికి అల్పంగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మొత్తం శిక్షణలో దీని విలువే ఎక్కువ. రెండు వారాల్లో కొన్ని వందల సార్లు శరీరం ఆ దారిలో నడుస్తుంది.

ఆ తర్వాత, రెండో అడుగులో కనిపెట్టిన మీ తొలి సూచన కనిపించగానే వాడటం. మీటింగ్‌కు ముందు భుజాలు లేస్తున్నాయా? అప్పుడే, ఆ 3 దగ్గరే. పూర్తిగా తగ్గుతుందని ఆశించకండి. 3 ఉన్నది 7కి వెళ్లకుండా 3, 4 దగ్గర నిలిచినా అది గెలుపే.

కొందరికి విశ్రాంతి తీసుకోబోతేనే గాబరా పెరుగుతుంది. కళ్లు మూయగానే గుండె చప్పుడు వినిపించి భయం వేస్తుంది. ఇది తెలిసిన విషయమే, మీలో లోపం ఉందని కాదు. కళ్లు తెరిచి చేయండి. 2 నిమిషాలతో మొదలుపెట్టండి. లేదా ముందు కొన్నాళ్లు నడకతో మొదలుపెట్టి, అడుగుల మీద ధ్యాస పెట్టడం అలవాటయ్యాక కుర్చీలోకి రండి. గతంలో హింసకో ప్రమాదానికో గురైనవాళ్లకు ఒంటి మీద ధ్యాస పెట్టగానే పాత జ్ఞాపకాలు ముంచుకొస్తే, ఒంటరిగా కొనసాగించకుండా నిపుణుల సాయంతో చేయడం మంచిది.

ఇంకో మినహాయింపు. రక్తం చూస్తే, సూది గుచ్చితే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకు ఈ వదలడం పనికిరాదు. వాళ్లకు బీపీ పడిపోవడం వల్ల స్పృహ తప్పుతుంది. వాళ్లు చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు: చేతులు, కాళ్లు, ఛాతీ కండరాలను 10, 15 సెకన్లు బిగించి, మామూలు స్థితికి వచ్చి, మళ్లీ బిగించాలి. సూది వేసే చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి. ఈ పద్ధతి కూడా ఓస్ట్ బృందమే రూపొందించింది.

అయిదో అడుగు: భయపెట్టే అనుభూతినే కావాలని తెచ్చుకోవడం

ఇక్కడ ఒక చిక్కుంది. ఊపిరి, కండరాల సాధన బాగా వచ్చాక కొందరు దాన్నే తాయెత్తులా పట్టుకుంటారు. "దడ వస్తే నా ఊపిరి సాధన ఉందిగా" అని బయల్దేరతారు, కానీ లోపల దడ అంటే భయం అలాగే ఉంటుంది. దడను తట్టుకోలేననే నమ్మకం చెక్కుచెదరదు. ముఖ్యంగా పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లకు ఆ నమ్మకమే రోగానికి మూలం. దాన్ని కదిలించాలంటే దడ ప్రమాదకరం కాదని శరీరానికే అనుభవం కావాలి.

గుండె జబ్బు, మూర్ఛ, ఆస్తమా, ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ అడుగు వేయకూడదు. మొదటిసారి సైకాలజిస్టు సమక్షంలో చేస్తే అందరికీ మంచిది.

దడ అంటే భయమా? ఉన్నచోటే ఒక నిమిషం జాగింగ్ చేయండి. తల తిరగడం అంటే భయమా? తిరిగే కుర్చీలో ఒక నిమిషం గుండ్రంగా తిరగండి. ఊపిరాడకపోవడమా? ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి తీసుకోండి. తిమ్మిర్లు, అయోమయం అంటే భయమా? ఒక నిమిషం వేగంగా, లోతుగా ఊపిరి ఆడించండి. ఒక్కోటి అయ్యాక భయం 10కి ఎంతో రాయండి. దడ తగ్గేదాకా ఊరికే కూర్చోండి. ఆ సమయంలో ఊపిరి సాధన చేయవద్దు, "వదులు" అనవద్దు, నీళ్లు తాగవద్దు, పల్స్ పట్టుకుని చూసుకోవద్దు. దడ దానంతట అదే వచ్చి దానంతట అదే పోవడాన్ని చూడాలి. మళ్లీ చేయండి. ఒక్కపూట అయిదారు సార్లు చేస్తే, లక్షణం అంతే ఉంటుంది గానీ దాని మీద భయం దిగుతుంది. 10కి 2కు దిగేదాకా రోజూ అదే చేసి, తర్వాతి దానికి వెళ్లండి.

పానిక్ అటాక్ సాధారణంగా 10 నిమిషాల లోపే పతాక స్థాయికి వెళ్లి, తర్వాత దిగడం మొదలుపెడుతుంది. ఎంత భయంకరంగా అనిపించినా అది శరీరం నిరంతరం కొనసాగించగలిగే స్థితి కాదు. ఇది చదివి తెలుసుకోవడం వేరు, మీ గదిలో మీరే దడ తెచ్చుకుని అది పోవడం చూడటం వేరు.

ఆరో అడుగు: తప్పించుకుంటున్న చోటికి వెళ్లడం

హైదరాబాద్‌లో ఒకరికి మెట్రోలో అటాక్ వచ్చింది, అప్పట్నుంచి క్యాబ్‌లోనే ఆఫీసుకు వెళ్తున్నారు అనుకుందాం. మెట్లు ఇలా కట్టుకోవచ్చు. అమీర్‌పేట స్టేషన్‌కు వెళ్లి ప్లాట్‌ఫారం మీద 20 నిమిషాలు కూర్చుని తిరిగి రావడం. ఆదివారం ఉదయం రద్దీ లేనప్పుడు తోడుతో పంజాగుట్ట దాకా ఒక్క స్టేషన్. అదే ఒంటరిగా. ఖైరతాబాద్ దాకా మూడు స్టేషన్లు. చివరికి సాయంత్రం ఆరున్నర రద్దీలో నిలబడి. ఒక్కో మెట్టును భయం సగానికి దిగేదాకా తిరిగి తిరిగి చేయాలి. మధ్యలో దిగిపోవాలనిపిస్తే ఒక్క స్టేషన్ ఆగి చూడండి. తలుపు దగ్గరే నిలబడటం, చేతిలో నీళ్ల సీసా, జేబులో మాత్ర, ఫోన్‌లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండటం, ఇలాంటి ఊతకర్రలను మొదట్లో ఉంచుకున్నా ఒక్కోటీ వదిలించుకోవాలి.

దారి పొడవునా వదులుగా ఉండటానికి ఊపిరి వాడుకోవచ్చు. కానీ దడ వచ్చినా ప్రయాణం ఆపకపోవడం, దడ రాకపోవడం కంటే ముఖ్యం.

పక్కన చేయాల్సినవి

వారానికి 150 నిమిషాలు చురుకైన నడక. చెమట పట్టాలి, గుండె వేగం పెరగాలి, అప్పుడే అయిదో అడుగు పని కూడా కొంత జరిగిపోతుంది. కాఫీ ఇష్టమైనవాళ్లు మధ్యాహ్నం తర్వాత మానేయండి, ఎందుకంటే ఒంట్లో కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఖాళీ కడుపుతో స్ట్రాంగ్ కాఫీ తాగి దడ వచ్చిందని బెంబేలెత్తేవాళ్లు చాలామంది ఉన్నారు.

మందులు, థెరపీలు

మందులంటే బెదరాల్సిన పని లేదు, సిగ్గుపడాల్సిన పని అంతకంటే లేదు. ఆందోళనకు డాక్టర్లు రాసే ఎసిటాలోప్రామ్ లాంటివి పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, అలవాటుగా మారేవి కావు. 2022లో అమెరికాలో 276 మందితో జరిగిన పరిశోధనలో, శరీరంపై, ఊపిరిపై ధ్యాస నిలిపే 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఆందోళనను తగ్గించడంలో ఎసిటాలోప్రామ్‌కు తీసిపోలేదని తేలింది. దానర్థం మందు మానెయ్యమని కాదు. రెండూ నిజమైన చికిత్సలేనని. అల్ప్రజోలామ్ లాంటి మాత్రలు మాత్రం వేరే జాతి, అవి అలవాటుగా మారగలవు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వాడుతున్నవాళ్లుంటే దయచేసి డాక్టరుతో మాట్లాడండి, ఒక్కసారిగా మాత్రం ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.

మెదడు, శరీరం కలిపి పనిచేస్తామని చెప్పే థెరపీలు ఇప్పుడు నగరాల్లో చాలా కనిపిస్తున్నాయి. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాలను తలచుకునే ఈఎండీఆర్‌ను, ప్రమాదాలు, హింస మిగిల్చే పీటీఎస్‌డీ అనే మానసిక సమస్యకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. మీ ఆందోళనకు అలాంటి గతం ఉంటే దాని గురించి అడగండి. సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్, బ్రెయిన్‌స్పాటింగ్ వంటివాటికి పరిశోధన ఇంకా తక్కువ. మామూలు ఆందోళనకు, పానిక్‌కు ఎక్కువ ఆధారాలున్నది ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకే, పైన చెప్పిన అయిదు, ఆరు అడుగులు అందులోవే. ఎవరి దగ్గరికి వెళ్లినా చదువు, లైసెన్సు అడగండి. "మూడు సిట్టింగుల్లో గ్యారంటీ" అనేవాళ్లకు దూరంగా ఉండండి.

ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ ఉచిత సేవ 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. బతకాలని లేదనే ఆలోచన వస్తున్నా, తాగితే గానీ కుదుటపడటం లేదనిపించినా ఈ సాధనలతో సరిపెట్టుకోకుండా ఈరోజే ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకు

అటాక్ వచ్చిన మనిషి పక్కన ఉన్నప్పుడు చుట్టూ గుమిగూడకండి. ఒక్కరే కూర్చోండి. "ఏం కాదు, ఊరికే భయపడకు" అనే బదులు "నేనిక్కడే ఉన్నాను, ఇది వచ్చినట్టే పోతుంది" అనండి. పరీక్షల్లో గుండెకు ఇబ్బంది లేదని ముందే తేలి ఉంటే, ఇది ఎప్పటిలాంటి దడే అయితే, ఆసుపత్రికి పరుగెత్తించకండి. మీ ఊపిరి నెమ్మదిగా ఉంచండి, మీ మాట నెమ్మదిగా ఉంచండి. అడగకుండా వీపు రుద్దడం, మొహాన నీళ్లు చల్లడం వద్దు. తగ్గాక పడుకోబెట్టేయకుండా, అంతకుముందు చేస్తున్న పనిలోకి మెల్లగా తీసుకెళ్లండి. రైతుబజారుకు బయల్దేరి మధ్యలో ఆగిపోతే, పావుగంట తర్వాత ఇద్దరూ కలిసి రైతుబజారుకే వెళ్లండి.